మాటకు అర్థం వెదకుట

భాషోపాధ్యాయుడు పాఠ్య ప్రణాళిక వ్రాసేటప్పుడు ముందుగా నింపవలసిన గడి ‘బోధన లక్ష్యాలు’. శిక్షణ కళాశాల నాటి నుండి మాకందరికీ కంఠస్థమైన వాక్యాలు కొన్ని ఉన్నాయి. ‘విద్యార్థి కఠిన పదాలకు అర్థాలు చెప్పును.’ ‘విద్యార్థి సంధులను గుర్తించును.’ 1956లో అమెరికాలో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు విద్యా లక్ష్యాలను జ్ఞానము, అవగాహన, వినియోగము మొదలైన మెట్లుగా వర్గీకరించారు. లక్ష్యమనునది కంటికి కనబడే పనిగా ఉండవలెనని 1962లో రాబర్ట్ మేగర్ చెప్పారు. మన ‘చెప్పును, గుర్తించును’లకు మూలం అక్కడ ఉన్నది. 2017లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ‘అభ్యసన ఫలితాలు’ ప్రకటించిన తరువాత పేరు మారినది గాని గడి అట్లే ఉన్నది.

ఆ మొదటి వాక్యమే నేడు మమ్ము ఆలోచనలో పడవేస్తున్నది. కఠిన పదానికి అర్థం చెప్పుట పిల్లవాని చేతిలోని ఫోనుకు క్షణం పని. 1852 నాటి బ్రౌను నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరము, సూర్యరాయాంధ్ర నిఘంటువు – వీటన్నిటినీ ‘ఆంధ్రభారతి’ వంటి చోట ఒక్కమారుగా వెదకవచ్చును. ఒకప్పుడు ఇవన్నీ చూడవలెనంటే పెద్ద గ్రంథాలయానికి పోవలసి వచ్చేది. అకారాది క్రమం నేర్పే పాఠానికి కూడ దీనితో కొంత పని తగ్గినది. అందుకు మాకు విచారమేమీ లేదు.

అయితే, వెదకుట అనుకున్నంత సులభమా? పాఠంలో ‘నూతిలో’ అనే మాట ఉన్నదనుకొందాము. నిఘంటువు పదాన్ని ప్రధానంగా ప్రథమా విభక్తిలో చూపుతుంది. కనుక ‘లో’ను తొలగించవలెను. మిగిలినది ‘నూతి’. ఇది ‘నుయ్యి’ అనే మాటకు మారిన రూపమని తెలిస్తేనే అసలు పదం దగ్గరకు చేరగలము. గొయ్యి – గోతిలో, చేయి – చేతితో, ఇల్లు – ఇంటికి, ఇవన్నీ ఆ కోవలోనివే. ఇ, టి, తి అను ఔపవిభక్తికాలను పరీక్షకు వల్లించిన వారందరూ ఈ పేరు వినగానే నిట్టూర్చుతారని మాకు తెలుసు! ఆ సూత్రం ఎందుకు నేర్చుకుంటున్నామో అప్పట్లో పిల్లలకు చెప్పినవారు తక్కువ. ఇప్పుడు చెప్పుటకు ఒక కారణం దొరికినది. ‘రమ్ము’ అనే మాటకు అర్థం కావలెనంటే ‘వచ్చు’ దగ్గర వెదకవలెనని యంత్రానికన్నా ముందు పిల్లవానికి తెలియవలెను. కనుక మేము ‘ఔపవిభక్తికాలను పేర్కొనును’ అని వ్రాయుట మానినాము. ‘మారిన రూపం నుండి మూలపదాన్ని రాబట్టి నిఘంటువులో చూపును’ అని వ్రాస్తున్నాము. వ్యాకరణం అదే గాని, పిల్లవాడు దానితో చేసే పని కంటికి కనబడుతున్నది.

మన గోల్‌బజార్ పిల్లల సంగతి మరికొంత చిక్కైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి కర్మాగారం నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా ఇచ్చుటకు నిర్ణయించినది కూడ ఈ ఊరి జనాన్ని దృష్టిలో ఉంచుకొనియే. అయినను మన పిల్లలలో అనేకులు తెలుగు మాట్లాడగలరు గాని చదువలేరు. వారు ఫోనులో తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. ఆ అక్షరాలలో ల, ళల భేదం పోతుంది. కల, కళ రెండూ ఒక్క తీరుగానే ఉంటాయి. పెట్టె క్రింద వచ్చే సూచనలలో ఏది తనకు కావలసినదో ఎన్నుకొనవలసినది పిల్లవాడే. లిపి రానివానికి ఆ ఎన్నిక ఒట్టి ఊహ.

‘గోల్’ అనే మాటనే తీసుకొనండి. హిందీలోను బెంగాలీలోను గుండ్రనిది. బెంగాలీలోనే గందరగోళమనే అర్థం కూడ ఉన్నది. బంతి ఆట మైదానంలో అది మరొకటి. తెలుగు చెవికి ‘గోల’ వినబడుతుంది. సాయంత్రం బజారులో నిలబడినవారికి ఈ అర్థమే సరియైనదనిపిస్తే తప్పులేదు! నాలుగు అర్థాలను నాలుగు వాక్యాలలో పెట్టించినప్పుడు పిల్లలు చూపే ఉత్సాహం, అర్థాల పట్టిక వ్రాయించినప్పుడు మేమెన్నడూ చూడలేదు.

మాకు నిజంగా కలత కలిగించే విషయం వేరొకటి ఉన్నది. ఇంటిలో బామ్మగారు మనుమరాలిని ‘ఓసి గుంటా’ అని పిలుస్తారు. ఉత్తరాంధ్రలో గుంట అనగా ఆడపిల్ల, గుంటడు అనగా మగపిల్లవాడు. ఆ మాటను వెదకిన పిల్లకు గొయ్యి అని ఒక అర్థం, ఎకరంలో నలుబదియవ వంతు అని మరొక అర్థం దొరుకుతాయి. అక్కడితో ఆగినచో బామ్మగారి మాట తప్పు, ఫోను మాట ఒప్పు అని ఆ పిల్ల నిశ్చయించుకుంటుంది. మరునాటి నుండి ఆ పిలుపుకు పలుకదు. మన ఇళ్ళలో మూడు నాలుగు తరాలు నిలిచిన మాటలు ఇట్లే ఒక్కొక్కటి జారిపోతున్నాయి.

శ్రీకాకుళ ప్రాంతంలోనే పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండగా సవరల భాషను వారి నోట విని నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూర్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశం కూడ పల్లెలలో రైతులను అడిగి సేకరించిన మాటలతో తయారైనదే. నిఘంటువులోనికి మాట వచ్చినది మనుషుల నోటి నుండియే. నేడు అడుగగానే సమాధానం కూర్చి ఇచ్చే కృత్రిమ మేధ సైతం, ఎవరో ఎక్కడో వ్రాసి ఉంచినదాని మీదనే ఆధారపడుతుంది. గోల్‌బజార్ వంటింటి మాటలు వ్రాసినవారెందరు?

అందుచేత మా ప్రణాళికలో ఒక లక్ష్యం కొత్తగా చేరినది. ‘విద్యార్థి ఒక మాటను రెండు నిఘంటువులలోను, ఇంటిలోని పెద్దవారి వద్దను విచారించి, మూడింటికి గల తేడాను వ్రాయును.’ దీనికి మార్కులు ఎట్లు వేయవలెనని సహోపాధ్యాయులు అడుగుతున్నారు. తేడా కనిపెట్టినవారికి సగం, ఆ తేడా ఎందుకు వచ్చినదో ఊహించినవారికి మిగిలిన సగం ఇస్తున్నాము. పర్యవేక్షకుల గడిలో ఇది ఇముడుతుందో లేదో చూడవలసి ఉన్నది.

వేసవి సెలవులలో పిల్లలు చేయుటకు ఈ పని అనువైనది. మీ ఇంట పప్పుగుత్తిని, చేటను, నూతి గట్టును పెద్దలు ఏమని పిలుస్తారో అడిగించి, ఎవరి నోట విన్నదీ, వారు ఏ ఊరి నుండి వచ్చినదీ వ్రాయించి మాకు పంపండి. వాటిలో కొన్నింటిని వచ్చే సంచికలలో ఈ పుటలోనే ప్రచురిస్తాము.