చచ్చినవారి లెక్క చీకటి గదిలోనా?

జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు సాగే రోడ్డు ఈ ప్రాంత రైతులకు కొత్తది కాదు. 1948 సెప్టెంబరు 13న ఇదే దారిన భారత సైన్యం నిజాం రాజ్యంలో ప్రవేశించింది. బెజవాడ వైపు నుంచి కదిలిన దళాలకు మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వం వహించారు. 17వ తేదీన నిజాం లొంగిపోయాడు. రజాకార్ల బాధ పడలేక మూటాముల్లె సర్దుకుని బెజవాడ, జగ్గయ్యపేట చేరిన కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి. ఏటా సెప్టెంబరు 17న వేదికల మీద ఉపన్యాసకులు చెప్పేది అంతవరకే. ఆ తర్వాత జరిగిన దాని జోలికి ఎవరూ పోరు.

సైన్యం వచ్చిన వెనుక మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాల్లోనూ, కొంతమేరకు తెలంగాణలోనూ ముస్లింలను ఊచకోత కోశారన్న కబుర్లు ఢిల్లీ చేరాయి. ప్రధాని నెహ్రూ ముగ్గురు పెద్దమనుషులను పంపారు. వారు పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు అప్పటి 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగారు. తాము వెళ్లలేకపోయిన 109 గ్రామాల నుంచి వచ్చిన 500 మందికి పైగా జనంతో మాట్లాడారు.

వారు తేల్చిన లెక్క చూస్తే గుండె చెదురుతుంది. ఎంత తగ్గించి చెప్పినా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల మంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తక్కువ కాదు. మన పొరుగునున్న నల్గొండ, ఆ పైనున్న మెదక్ కూడా కలిసిన మరో నాలుగు జిల్లాల్లో కనీసం 5 వేలు. ఈ చావులన్నీ సైనికుల చేతి మీద జరిగినవి కావు. దోపిడీ మూకలు, పగబట్టిన ఊరి జనం చేసిన హత్యలూ అందులో ఉన్నాయి. అయితే సైనికులే మూకలను దోపిడీకి ఉసిగొల్పారనీ, కొన్నిచోట్ల ముస్లిం మగవారిని ఊరి బయటకు తీసుకుపోయి కాల్చి చంపారనీ నివేదిక దాపరికం లేకుండా రాసింది.

రజాకార్లు చేసిన ఘోరాల సంగతేమిటని వెంటనే అడిగేవారుంటారు. అడగవలసిందే. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో జరిగిన నరమేధాన్ని మరచిపోమని ఎవరూ అనరు. కానీ తుపాకి పట్టిన రజాకారు చేసిన పాపానికి మగ్గం ముందు కూర్చున్న ముస్లిం నేతగాణ్ణి చంపడం ఏ న్యాయం? అదే నివేదికలో ముస్లిం నేతగాళ్లను సాటి హిందూ నేతగాళ్లు ప్రాణాలకు తెగించి కాపాడిన ఉదంతం ఉంది. పలుచోట్ల సైన్యం సక్రమంగా నడుచుకుని ముస్లింలకు రక్షణ ఇచ్చిందనీ అందులోనే ఉంది. సైన్యంపై విచారణ అడిగితే దేశద్రోహమనే పెద్దలు ఇది గమనించాలి. విచారణ లేకపోతే ఊరిని కాపాడిన జవానుకు, ఊరిని తగలబెట్టించిన జవానుకు తేడా తెలిసేదెలా?

ఇంతకూ ఆ నివేదిక ఏమైంది? అచ్చు కాలేదు. ఆ కమిటీకి ఆ అధికారమే లేదని ఉపప్రధాని పటేల్ కోప్పడ్డారు. సద్భావ బృందంగా వెళ్లినవారు గనుక వారి మాట మీద ఎవరి పైనా కేసు నడిచే వీలూ లేదు. మధ్యలో కొన్ని భాగాలు బయటపడినా, ఢిల్లీలో అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయంలో నివేదిక చదువరుల చేతికి వచ్చింది 2013లో. అంటే 65 ఏళ్లకు! సాక్ష్యం చెప్పినవారిలో ఎందరు అప్పటికి బతికుంటారు?

ఇదంతా అవతలి రాజ్యం గొడవ అనుకునే డెల్టా వాసులు ఉయ్యూరు పక్కన కాటూరునూ, ఎలమర్రునూ తలచుకోవాలి. 1949లో కమ్యూనిస్టులను గాలిస్తూ వచ్చిన మలబారు పోలీసులు మగవాళ్లను దిగంబరులను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. వాళ్లది సైన్యం కాదు, పోలీసే. ఖాకీ ఒక్కటే, తుపాకి ఒక్కటే.

తలుపులు మూయడం ఆ రోజులతో పోలేదు. ఎమర్జెన్సీలో 1975 జూలై 25న మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురు కాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. ఎమర్జెన్సీ పోయాక తార్కుండే కమిటీ ఆ ప్రాంతానికి వెళ్లి, వారిని చెట్లకు కట్టి కాల్చారని తేల్చింది. దాంతో 1977లో జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్‌ను వేశారు. జనం ఎదుట సాక్ష్యాలు వస్తున్న దశలో ఇక మీదట రహస్యంగా విచారణ జరపాలన్నారు. అలాగైతే మేము రామని కమిటీ తప్పుకుంది. కమిషన్ పని అర్ధంతరంగా ముగిసింది. తలుపులు తెరచి ఉంటే ఎవరికి నష్టమో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

కాలం మారిందా అంటే కొంత మారింది. మణిపూర్‌లో సైన్యం, పోలీసుల చేతిలో 1,528 మంది అన్యాయంగా చనిపోయారని బాధిత కుటుంబాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కోర్టు నియమించిన జస్టిస్ సంతోష్ హెగ్డే కమిషన్ మచ్చుకు ఆరు కేసులు పరిశీలించి, ఒక్కటీ నిజమైన ఎదురు కాల్పులు కాదని 2013లో చెప్పింది. చనిపోయినవారిలో 12 ఏళ్ల బాలుడు ఒకడు. మితిమీరి బలం వాడితే సైనికుడికైనా విచారణ తప్పదని 2016 జూలైలో కోర్టు స్పష్టం చేసింది.

అయితే 2021 డిసెంబరు 4 సంగతి చూడండి. నాగాలాండ్‌లో ఓటింగ్ దగ్గర బొగ్గు గని కూలీలు పని ముగించి పికప్ వ్యానులో ఇంటికి వస్తున్నారు. ఆ రోజు శనివారం. నాట్లు వేసి సాయంత్రం ట్రక్కు ఆటోలో ఇళ్లకు మళ్లే మన కూలీల లాంటివారే. తీవ్రవాదులనుకుని సైనికులు కాల్చారు. ఆరుగురు చనిపోయారు. ఆగ్రహించిన ఊరివారి పైనా కాల్పులు జరిగి మరికొందరు పోయారు. రాష్ట్ర పోలీసుల ప్రత్యేక బృందం దర్యాప్తు చేసి 30 మంది సైనికులపై అభియోగ పత్రం వేసింది. ప్రాసిక్యూషన్‌కు కేంద్రం 2023లో అనుమతి నిరాకరించింది. అనుమతి లేనిదే కేసు నడవదు గనుక 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని మూసివేసింది. అనుమతి ఇవ్వవలసిన చేయి, సైన్యాన్ని నడిపే చేయి ఒకటే కావడం వల్ల వచ్చిన తిప్పలివి. ఈ అధికారాన్ని కేంద్రం నుంచి తీసి హైకోర్టు న్యాయమూర్తికి అప్పగిస్తే తప్ప ఇలాంటి కేసు సాక్ష్యం దాకా రాదు. సుందర్‌లాల్ నివేదికను తెలుగులో అచ్చు వేసి నల్గొండ, కృష్ణా గ్రంథాలయాలకు పంపడానికి మాత్రం ఏ చట్టమూ మార్చనక్కర లేదు.

మన జిల్లాల్లో సైన్యానికి ప్రత్యేకాధికారాల చట్టం లేదు. అయినా అనుమానాస్పద మరణం ఎక్కడ జరిగినా మొదటి కాగితం ఊళ్లోనే పుడుతుంది. అదే శవ పంచనామా. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ ప్రకారం, చుట్టుపక్కల ఉండే ఇద్దరు లేక అంతకు మించిన గౌరవనీయుల సమక్షంలో పోలీసు అధికారి శవాన్ని పరిశీలించాలి. గాయాలు, విరిగిన ఎముకలు, కమిలిన మచ్చలు, ఏ ఆయుధం వల్ల అయినట్టు కనిపిస్తున్నాయో రాయాలి. పాత చట్టంలోనూ ఇదే పద్ధతి.

ఊళ్లలో జరిగేది వేరు. సర్పంచి గారిని, మరొక మోతుబరిని జీపు దగ్గరకు పిలిచి, రాసి ఉన్న కాగితం చూపి సంతకం చేయమంటారు. వాళ్లు శవం వంక కూడా చూడకుండా గీకి వచ్చేస్తారు. పోలీసుతో మనకెందుకు గొడవని భయం. రేపు ఏ కమిషన్ వచ్చినా ముందు తీసి చదివేది ఆ కాగితాన్నే. ఇక్కడ చాలామందికి తెలియని మాట ఒకటి ఆ సెక్షన్‌లో ఉంది. ఆ నివేదికపై పోలీసు అధికారితో పాటు సంతకం పెట్టవలసింది అందులోని విషయంతో ఏకీభవించిన పంచాయతీదారులు మాత్రమే. ఏకీభవించనివారు సంతకం పెట్టనక్కర లేదు.