కారులో పాట బాగా వినబడాలంటే ముందు రొద తగ్గాలి

కొత్త కారు కొన్న కొద్ది నెలలకే కంపెనీ వారు అమర్చిన మ్యూజిక్ సిస్టమ్‌ను మార్చి, అంతకంటె మంచిదాన్ని పెట్టించుకొనే అలవాటు మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలోనూ బాగా వ్యాపించింది. తలుపులలో కొత్త స్పీకర్లు, సీటు కింద ఆంప్లిఫయర్, డిక్కీలో పెద్ద సబ్‌వూఫర్ పెట్టెతో ఆ ముచ్చట పూర్తవుతుంది. ఇది దుబారా అని పెద్దలు అంటారు. కష్టపడి సంపాదించిన డబ్బుతో పాట వినడం కూడా తప్పేనా అని యువకులు అడుగుతారు. వైద్యునిగా నా అభిప్రాయం ఈ రెండింటికీ కొంత భిన్నమైనది. సిస్టమ్ మార్చడం తప్పు కాదు. సరైన వరుసలో మార్చితే అది చెవికి మేలు కూడా చేస్తుంది. అయితే మన వద్ద ఎక్కువగా జరుగుతున్నది ఆ వరుసకు తలకిందులుగా ఉన్నది. నాణ్యత కోసమని మొదలుపెట్టి చివరకు శబ్దతీవ్రతను కొనుక్కొని వస్తున్నారు.

పాటను ప్రేమించడంలో తప్పు లేదు

మంచి శబ్దం కావాలనే కోరిక ఈ నేలకు కొత్త కాదు. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ ఆచార్యులుగా చేరి, తరువాత అధ్యక్షులైనారు. ఘంటసాల గారు అక్కడి విద్యార్థి. సుశీల గారు 1935లో విజయనగరంలోనే జన్మించారు. ఇంతటి వారసత్వం ఉన్న ప్రాంతంలో ఒక వ్యక్తి తన కారులో ఘంటసాల గొంతు స్పష్టంగా వినాలని కోరుకుంటే దానిని విలాసమని కొట్టివేయడం న్యాయం కాదు.

ఇక్కడే ఒక విషయం గమనించవలసి ఉన్నది. మనం అభిమానించే పాత పాటలలో అధిక భాగం మోనో పద్ధతిలో, ఒకే ధ్వనిమార్గంలో ముద్రించినవి. వాటి ప్రాణమంతా గాయకుని గొంతులో, అంటే మధ్యస్థాయి ధ్వనులలో ఉన్నది. నేల అదిరే బాస్ ఆ రికార్డింగులలో లేనే లేదు. లేనిదానిని పెద్ద సబ్‌వూఫర్ ఎక్కడి నుంచి తెస్తుంది? అటువంటి పాటలు వినేవారికి కావలసినవి ముందు తలుపులలో రెండు మంచి స్పీకర్లు, వాటితోపాటు లోపల కొంత నిశ్శబ్దం.

కంపెనీ సిస్టమ్‌లో లోపమేమిటి?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలంలో టేప్ రికార్డరును బజారులో విడిగా కొని పెట్టించుకొనేవారు. నేడు ఎక్కువ కార్లకు సిస్టమ్ కంపెనీ నుంచే వస్తున్నది. కారు ధర అదుపులో ఉంచడానికి తయారీదారులు తగ్గించే ఖర్చులలో స్పీకర్లు ఒకటి. పలుచని కాగితపు కోను, చిన్న అయస్కాంతం ఉన్న స్పీకర్లను, లోపల ఏ అడ్డూ లేని రేకు తలుపుకు బిగిస్తారు. పాట కొంచెం పెరగగానే ఆ రేకు కూడా కంపిస్తుంది. సెట్టు మీద ‘50 వాట్లు’ అని నాలుగుసార్లు వ్రాసి ఉన్నా, అది క్షణకాలపు గరిష్ఠ శక్తి మాత్రమే. నిలకడగా ఇవ్వగలిగేది ఒక్కొక్క స్పీకరుకు సుమారు 15 నుంచి 20 వాట్లు. అంతకు మించి పెంచినప్పుడు ధ్వని పెరగదు, చిట్లుతుంది. ఆ చిట్లిన ధ్వని చెవికి అలసట కలిగిస్తుంది. గంట ప్రయాణం తరువాత తల బరువుగా అనిపించడానికి ఇదీ ఒక కారణం.

కనుక స్పీకర్లు మార్చడంలో అర్థమున్నది. కానీ అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది.

రొద మీద పాట

జాతీయ రహదారి మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న చిన్న కారులో, అద్దాలన్నీ మూసి ఉన్నా, లోపల సుమారు 65 నుంచి 70 డెసిబెల్స్ రొద ఉంటుంది. టైర్ల రాపిడి, గాలి, ఇంజను కలిసి చేసే చప్పుడు అది. పాట స్పష్టంగా వినబడాలంటే ఈ రొదకు పైన నిలబడాలి. అందుకే ఊరిలో 12వ అంకె మీద హాయిగా విన్న పాటను రహదారి ఎక్కగానే తెలియకుండానే 22కు పెంచుతాము. అద్దాలు దించితే ఇంకా పెంచుతాము.

ఇక్కడ డెసిబెల్ లెక్క తెలిసి ఉండాలి. ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పది రెట్లు కావాలి. దీనిని తిరగవేసి ఆలోచించండి. కారు లోపలి రొదను 3 డెసిబెల్స్ తగ్గించగలిగితే, స్పష్టత విషయంలో అది ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంత పని. పైగా చెవి మీద భారం పెరగదు, తగ్గుతుంది. అందువలన మొదటి రూపాయి రొద తగ్గించడానికే ఖర్చు పెట్టమని చెబుతున్నాను.

చెవిలో జరిగేది

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కోక్లియా అనే భాగం ఉన్నది. ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 రోమకణాలు అక్కడ ధ్వని కంపనాలను నాడీ సంకేతాలుగా మారుస్తాయి. పుట్టుకతో వచ్చిన ఈ కణాలే జీవితాంతం పనిచేయాలి. చర్మం వలె, కాలేయం వలె ఇవి తిరిగి పెరగవు. అధిక శబ్దానికి మొదట అలసిపోతాయి. ప్రయాణం ముగిసి కారు దిగిన తరువాత చెవులు దిమ్మెక్కినట్లు, లోపల హోరుమన్నట్లు అనిపించేది అందుకే. ఒక రాత్రి విశ్రాంతితో అది తగ్గిపోవచ్చు. అదే పని మళ్ళీ మళ్ళీ జరిగితే కొన్ని కణాలు శాశ్వతంగా నశిస్తాయి.

శబ్దం వలన కలిగే నష్టం సాధారణంగా 4,000 హెర్ట్జ్ పరిసరాలలో మొదలవుతుంది. ‘స’, ‘శ’, ‘త’, ‘క’ వంటి హల్లుల స్పష్టత హెచ్చు స్థాయి ధ్వనుల మీద ఆధారపడి ఉంటుంది. అందువలన తొలిదశలో రోగి ‘వినబడడం లేదు’ అనడు, ‘వినబడుతున్నది కానీ అర్థం కావడం లేదు’ అంటాడు. ఆడవారి మాట, పసిపిల్లల మాట ముందుగా జారిపోతాయి. సర్వీసులో ఉండగా నా వద్దకు వచ్చిన డ్రైవర్లలో ఎందరో తమంతట తాము ఈ ఇబ్బంది చెప్పుకోలేదు. ఇంట్లో టీవీ చప్పుడు భరించలేక భార్య వెంటబెట్టుకొని వచ్చినవారే ఎక్కువ.

వారానికి ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ వరకు వినవచ్చు. పిల్లలకు అదే కాలానికి పరిమితి 75 డెసిబెల్స్. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సురక్షిత కాలం సగమవుతుంది.

దీనిని మన దారికి అన్వయించి చూద్దాము. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నానికి సుమారు రెండు గంటల ప్రయాణం. కారులో పాట 90 డెసిబెల్స్ వద్ద మోగుతున్నదనుకోండి. సబ్‌వూఫర్ ఉన్న కారులో ఇది అసాధారణం కాదు. ఆ స్థాయిలో పెద్దలకు వారానికి లభించే కాలం సుమారు 4 గంటలు. ఒక్కసారి వెళ్ళి వచ్చేసరికి వారమంతటి వాటా తీరిపోతుంది. వెనుక సీటులో కూర్చున్న చిన్నపిల్లకు లభించేది 75 నిమిషాలు మాత్రమే. కారు తగరపువలస చేరేలోపు ఆ పిల్ల వాటా పూర్తవుతుంది. చాలా కార్లలో స్పీకర్లు వెనుక కూడా ఉంటాయి, పిల్ల చెవికి అవి తండ్రి చెవికంటె దగ్గర. అంకె పెంచే చేయి తండ్రిది, వద్దని చెప్పే వయస్సు ఆ పిల్లకు లేదు. ఈ వ్యాసం వ్రాయడానికి ముఖ్య కారణం ఇదే.

రోజూ పది గంటలు బండి నడిపే టాక్సీ డ్రైవర్ల పరిస్థితి ఇంకా కఠినమైనది. వారికి ఈ లెక్క వారం గడవకముందే తప్పిపోతుంది.

రెండు అపోహలు

మొదటిది, బిగ్గరగా పాట పెడితే నిద్ర రాదన్న నమ్మకం. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నానికి రాత్రివేళ బయలుదేరేవారు ఈ ఉపాయాన్నే నమ్ముకుంటారు. శబ్దం కొద్ది నిమిషాలు ఉలికిపాటు కలిగించగలదు గాని, నిద్రలేమిని తీర్చలేదు. తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య శరీరం నిద్రను బలంగా కోరుతుంది. ఆ సమయంలో కనురెప్పలు బరువెక్కితే, బండిని సురక్షితమైన చోట ఆపి 20 నిమిషాలు పడుకోవడమే మందు. అంకె పెంచడం మందు కాదు. పైగా ఆ హోరులో వెనుక వచ్చే అంబులెన్స్ సైరన్ వినబడదు. అంబులెన్స్‌కు దారి ఇవ్వకపోవడానికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 10,000 రూపాయల జరిమానా నిర్ణయించింది. జరిమానా సంగతి అలా ఉంచండి. లోపల ఉన్న రోగికి నిమిషాల విలువ ఎంతో వైద్యునిగా నాకు తెలుసు.

రెండవది, ‘మన పూర్వులు తప్పెటగుళ్ళు, డప్పులు వింటూ పెరగలేదా, వారికేమైనది?’ అనే ప్రశ్న. తప్పెటగుళ్ళు ఆరుబయట ఆడేవి. శబ్దం నాలుగు వైపులా చెదిరిపోతుంది. వినేవాడు దూరం జరగగలడు. అవి జాతరకో పండుగకో వచ్చేవి. అద్దాలు మూసిన కారు చిన్న పెట్టె వంటిది. అందులో శబ్దం పోవడానికి చోటు లేదు, మనిషి జరగడానికీ చోటు లేదు. అది ఏడాదికి ఒక్కనాటి ముచ్చటా కాదు.

మార్చదలచినవారు పాటించవలసిన వరుస

1. ముందు చెవి పరీక్ష. నలభై దాటినవారు, పాట స్పష్టంగా లేదని స్పీకర్లను నిందించే ముందు ఒకసారి ఆడియోగ్రామ్ చేయించుకోవాలి. విశాఖపట్నంలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉన్నది. నొప్పి లేని పరీక్ష, అరగంట పని. వయస్సు వలన హెచ్చు స్థాయి వినికిడి తగ్గినవారికి ఎంత ఖరీదైన ట్వీటర్ పెట్టినా పూర్వపు పాట తిరిగి రాదు. వారికి కావలసినది వైద్య సలహా, అవసరమైతే వినికిడి యంత్రం.

2. ఖర్చు లేని మార్పులు. బాస్, ట్రెబుల్ రెండింటినీ మధ్యలో ఉంచి, ధ్వనిని కొంచెం ముందు వైపుకు జరపండి. బాగా కుదించిన పాత ఫైళ్ళకు బదులు నాణ్యమైనవి వినండి. టైర్లలో గాలి సరిగా ఉంచండి, అరిగిన టైర్లను, ఎండిపోయిన తలుపు రబ్బర్లను మార్పించండి.

3. తలుపులకు డ్యాంపింగ్ షీట్లు. రేకు కంపనం తగ్గుతుంది, బయటి రొద కొంత అణగుతుంది. ఉన్న స్పీకర్లే మెరుగ్గా పలికినట్లు తోస్తుంది. చాలామందికి ఇంతటితో తృప్తి కలుగుతుంది.

4. ముందు తలుపులలో మంచి స్పీకర్లు. ట్వీటర్ విడిగా ఉండే రకం మేలు. వాట్లు చూసేటప్పుడు గరిష్ఠ అంకెను వదలి, ఆర్.ఎం.ఎస్. అంకెను అడగండి.

5. అవసరమనిపిస్తే చిన్న ఆంప్లిఫయర్. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు, బ్యాటరీ దగ్గరలోనే తగిన ఫ్యూజు ఉండి తీరాలి. తగినంత మందం గల రాగి తీగ వాడాలి. ఫ్యూజు లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే కారు తగలబడే ప్రమాదం ఉన్నది. కంపెనీ వైర్లను కత్తిరించకుండా కప్లర్లతో బిగించమనండి, వారంటీ విషయం ముందే అడిగి తెలుసుకోండి.

6. సబ్‌వూఫర్ చివరి మాట. కావాలనుకుంటే సీటు కింద పట్టే చిన్నది చాలు.

అన్నీ అమర్చిన తరువాత ఒక పని మిగులుతుంది. రహదారి మీద మామూలు వేగంతో పోతుండగా, పక్క సీటులోని వ్యక్తి ఫోనులో శబ్దాన్ని కొలిచే ఆప్ తెరచి చూడాలి. ఫోను కొలత కొన్ని డెసిబెల్స్ అటు ఇటుగా ఉండవచ్చు గాని, అంచనాకు పనికివస్తుంది. పాట 80 లోపల ఉండే అంకెను గుర్తుపెట్టుకోండి. గరిష్ఠ పరిమితి నిర్ణయించే సదుపాయం మీ సెట్టులో ఉంటే, దానిని అక్కడ ఆపివేయండి. పిల్లలు ఉన్నప్పుడు ఇంకా తగ్గించండి. పక్కన కూర్చున్నవారు గొంతు పెంచకుండా మీతో మాట్లాడలేకపోతే, ఏ యంత్రమూ అక్కరలేదు, శబ్దం ఎక్కువైనట్లే.

కారు సిస్టమ్ కోసం మీరు పెట్టే ఖర్చును నేను వద్దనడం లేదు. దుకాణంలో అడిగే ప్రశ్నను మార్చుకోమని మాత్రమే కోరుతున్నాను. ‘దీని మోత ఎంత?’ అని కాక, ‘తక్కువ శబ్దంలో ఇది ఎంత స్పష్టంగా పలుకుతుంది?’ అని అడగండి. ఆ పరీక్షలో నెగ్గిన సిస్టమ్‌నే ఇంటికి తీసుకొని రండి. అరవై దాటిన తరువాత కూడా మనుమల మాటలు, సుశీల గారి పాట స్పష్టంగా వినగలగాలంటే జాగ్రత్త ఇప్పటి నుంచే మొదలు కావాలి.