ఏజెంటు ఎవరికి ఏజెంటు?

మన భాషలో చేరిన ఇంగ్లీషు మాటలలో రైలు, టిక్కెట్టు మున్నగునవి వచ్చిననాటినుండి ఒకే అర్థమున నిలిచియున్నవి. కాని మన కొండలలో తెలుగువాని నోటను, కువి మాటలాడువాని నోటను, ఒడియా మాటలాడువాని నోటను సమానముగా మెలగు ఒక మాట మాత్రము చోటుకొక అర్థముతో సంచరించుచున్నది. అది ‘ఏజెన్సీ’, దానితోడిదే ‘ఏజెంటు’. ఈ మాటను సరిగా తెలిసికొనకపోవుటచే మన రైతులు ధనము నష్టపోవుచున్నారని నా నమ్మకము. కావున సభ్యులయెదుట నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

ఈ పదము లాటిను భాషలో ‘చేయుట’ అను అర్థముగల ధాతువునుండి పుట్టినదని మిషను బడిలో మా ఉపాధ్యాయులు చెప్పియుండిరి. ఆ మూలార్థముననే పురుగుమందుల చీటీలపై ఇది కనబడును. కాఫీకాయ తొలుచు పురుగును చంపు బవేరియా అను బూజును ‘జీవనియంత్రణ ఏజెంటు’ అందురు. ఆ బూజు తన పని తాను చేసికొనిపోవును; దానికి యజమాని లేడు. మనుష్యుల వ్యవహారమున అట్లు కాదు. ఏజెంటనగా మరియొకని బదులు పని చేయువాడు. ఏజెంటున్నచోట వెనుక యజమాని యుండితీరవలెను. ఆ యజమాని యెవరను ప్రశ్నను మనము అడుగుట లేదు.

మన సీమకు ఈ పేరు వచ్చిన విధమును చూడుడు. 1839లో చేయబడిన 24వ చట్టముచే గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండభాగములు సామాన్య న్యాయస్థానముల పరిధినుండి తొలగింపబడి, కలెక్టర్లకు అప్పగింపబడెను. అచ్చట కలెక్టరు మద్రాసు గవర్నరునకు ఏజెంటు. ఏజెంటు పాలించు సీమ గనుక ‘ఏజెన్సీ’ యయ్యెను. ఆ ఏజెంటు గవర్నరు పక్షమున వచ్చినవాడే గాని కొండవారు నియమించుకొన్నవాడు కాడు. 1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చి, ఐదవ షెడ్యూలు క్రింద ఇది షెడ్యూలు ప్రాంతమైనను, పాత పేరు వాడుకనుండి పోలేదు. పాడేరులోని ఐ.టి.డి.ఎ. పేరునందలి కడపటి అక్షరమును ఏజెన్సీయే. అచ్చట సంస్థ యని యర్థము. గ్యాసు ఏజెన్సీ యనగా అమ్మకపు కొట్టు. ఒకే మాట సీమయు, కార్యాలయమును, కొట్టును అగుచుండగా రైతు తికమకపడుటలో వింత లేదు.

కొన్నియేండ్ల క్రిందట సంతలో మిరియములు అమ్ముచున్న యొక వృద్ధుని, “తాతా, ఈయన ఎవరి ఏజెంటు?” అని అడిగితిని. “మా ఏజెంటే బాబూ, ఏటేటా మా సరుకు ఆయనే అమ్మిపెడతాడు” అనెను. ధర తక్కువ యేమని ఆ వృద్ధుడడుగగా, “నేను ఏజెంటునే, ధర పైవాళ్లు చెప్పినది” అని యాతడు చెప్పెను. కొంతకాలమునకు ధర పెరిగెను. వృద్ధుడు తనకు రావలసిన భాగము అడుగగా, “నీ సరుకు నేను కొన్నాను, డబ్బిచ్చాను; లాభమైనా నష్టమైనా నాదే” అనెను. ధర తగ్గించునపుడు ఏజెంటు, లాభము వచ్చినపుడు యజమాని! వర్తకుడై కొనుట తప్పు కాదు. కొండపైకి వచ్చి, మోతఖర్చు భరించి కొనువానికిని బ్రతుకుతెరువుండవలెను. కాని రెండు పేర్లను అవసరమునుబట్టి మార్చి చెప్పుకొనుట మాత్రము తప్పు.

ఈ భేదము చట్టమునందును కలదు. 1872నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము ఏజెంటు తన యజమానికి లెక్క చూపవలెను. అతని పక్షమున వసూలు చేసిన సొమ్మును తనకు రావలసినది మినహాయించుకొని చెల్లించవలెను. యజమానికి తెలియకుండ ఆ వ్యాపారమును తన స్వంతమునకు చేసికొనినచో, ఆ లాభమును యజమాని కోరవచ్చును. కొనుగోలుదారునకు ఈ బాధ్యతలు లేవు. అతడు సరిగా తూచి, ఒప్పుకొన్న ధర చెల్లించిన చాలును.

కావున సరకు కాటాపై పెట్టుటకు ముందే మూడు ప్రశ్నలు వేయవలెను. నీవు ఎవరి ఏజెంటవు? నీ కమీషను ఎవరిచ్చెదరు? లెక్క ఎవరికి చూపెదవు? కమీషను పట్టణపు వర్తకుడిచ్చుచున్నచో అతడు వర్తకుని మనిషియే. అట్టివానితో వ్యవహరింపవచ్చును గాని, ధర విషయమున మన మేలు అతడే చూచుకొనునని నమ్మి యూరకుండరాదు.

1956లో గిరిజన సహకార సంస్థ స్థాపింపబడినది మధ్యవర్తుల చేతినుండి గిరిజనులను కాపాడుటకే. అట్లని సంఘమన్న పేరు వినినంతనే ప్రశ్నించుట మానరాదు. మన కాఫీని మన పక్షమున అమ్ముటకై తీసికొన్నపుడు సంఘము మనకు ఏజెంటు. అప్పుడు అమ్మిన ధర, ఖర్చు, మిగులు అడుగుట మన హక్కు. ధర చెల్లించి కొన్నపుడు సంఘమును కొనుగోలుదారే. రెంటిలో ఏది జరిగినదో రశీదులో నుండవలెను. ఈ ప్రశ్నకు కార్యవర్గమువారు కోపింపరాదు, సభ్యులు సిగ్గుపడరాదు.

వచ్చు సర్వసభ్య సమావేశమునకు ప్రతి సభ్యుడును తన రశీదులు వెంట తీసికొని రావలెనని ప్రార్థన. చదువు రానివారు బడికిపోవు పిల్లలచేత ముందుగా చదివించుకొని రావలెను.