అప్పు పత్రం ఊళ్లోకి రావాలె!

ఉపాధి హామీ కింద ఊళ్లో కాలువ పూడిక తీస్తే సామాజిక తనిఖీ ఉంటుంది. మస్టర్ రోల్ పట్టుకొని తనిఖీ బృందం ఇల్లిల్లూ తిరుగుతుంది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, కూలి ఎంత ముట్టింది, గ్రామసభలో అందరి ముందూ చదువుతారు. మంచిదే. మరి డాలర్ల అప్పుతో వేసే కరెంటు లైన్లకు, రోడ్లకు, రాజధానులకు ఆ తనిఖీ ఎందుకు లేదు? కూలోళ్ల పైసల మీద ఉన్న నిఘా కాంట్రాక్టర్ల కోట్ల మీద ఎందుకు ఉండదు?

విద్యుత్ సంస్కరణల కథ మర్చిపోయామా? 1999 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. ఆ నెలలోనే ప్రపంచ బ్యాంకు వంద కోట్ల డాలర్ల కార్యక్రమంలో తొలి విడతగా 21 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఆ అప్పు అసలు అర్థం సామాన్యుడికి ఎప్పుడు తెలిసింది? 2000లో పెరిగిన చార్జీలతో బిల్లు చేతికొచ్చినప్పుడు! ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు తూటాలకు ముగ్గురు బలయ్యారు. సంతకానికి ముందు సభలో జరగాల్సిన చర్చ, సంతకం తర్వాత నడిరోడ్డు మీద నెత్తురుతో జరిగింది.

మహారాష్ట్రది ఇంకో పాఠం. ఎన్రాన్ వారి దభోల్ ప్రాజెక్టు గిట్టుబాటు కాదని 1993లో ప్రపంచ బ్యాంకే అప్పు నిరాకరించింది. అయినా ఆ ఏడాదే కొనుగోలు ఒప్పందం కుదిరింది. దాన్ని జనం కంటపడకుండా దాచారు. కేంద్రం కౌంటర్ గ్యారంటీ కూడా ఇచ్చింది. 2001 నాటికి ఆ రేటుకు కొనలేక విద్యుత్ బోర్డు చేతులెత్తేసింది. ప్లాంటు మూతపడింది, ఎన్రాన్ దివాలా తీసింది. దాచిన ఒప్పందం ఎవరిని కాపాడినట్టు?

వివరాలు బయటపెడితే పెట్టుబడులు పారిపోతాయని దబాయిస్తారు. అప్పిచ్చే ప్రపంచ బ్యాంకే 2010 నుంచి పత్రాలు బయటపెట్టడాన్ని తన విధానంగా ప్రకటించుకుంది. అప్పిచ్చేవాడికి లేని భయం తీసుకునేవాడికెందుకు? సమాచారం అడిగితే 2005 చట్టంలోని సెక్షన్ 8(1)(డి) చూపి వ్యాపార రహస్యం అంటారు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని ఆ సెక్షనే చెబుతున్న సంగతి మాత్రం మింగేస్తారు!

ఈఆర్‌సీ బహిరంగ విచారణలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, వాటిని కాపాడుకోవాలె. కానీ షరతులన్నీ ఖరారయ్యాక చార్జీ మీద వాదిస్తే మిగిలేదెంత?

భారం చిన్నదా? విదేశీ అప్పులను కేంద్రం 2005 నుంచి అవే షరతులతో మన వంటి రాష్ట్రాలకు బదలాయిస్తోంది. రూపాయి పడితే నష్టం రాష్ట్రానిదే. 1999లో 43 రూపాయల దరిదాపుల్లో ఉన్న డాలరు 85 దాటింది. 2024 డిసెంబరులో ఒక్క అమరావతికే ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. తీర్చేది మన పిల్లలు. వాళ్ల పేరు మీద సంతకం పెట్టేటోళ్లు వాళ్ల తల్లిదండ్రులకైనా చెప్పొద్దా?

అడగాల్సింది నాలుగే. సంతకానికి ముందే అప్పు షరతులను తెలుగులో అచ్చువేసి మండలాఫీసుల్లో పెట్టాలె. శాసనసభలో చర్చించాలె. టెండరు, ఒప్పందం, ఆ తర్వాత పెంచిన అంచనాలు అన్నీ బయటపెట్టాలె. ప్రతి ఏటా సామాజిక తనిఖీ జరిపి, భూమి పోయినవాళ్ల ముందు, బిల్లు కట్టేవాళ్ల ముందు లెక్క చదవాలె.

విద్యార్థులు దరఖాస్తులు పెట్టండి. ఉద్యోగులు ఫైళ్లను నిబంధనల ప్రకారం బయటికి రానివ్వండి. అప్పు మనది, వడ్డీ మనది. పత్రం మాత్రం వాళ్ల బీరువాలో ఎందుకుండాలె?