శుద్ధి పేరుతో వాగును చంపొద్దు



విషం పోసినోళ్లే వచ్చి "మేమే శుభ్రం చేస్తున్నాం కదా, ఇంకేం కావాలి మీకు?" అంటే ఏం చెప్తాం? నోరు మూసుకొని దండం పెట్టాలా? అమెరికాలో కేప్ కాడ్ సంగతి తెలిస్తే అలా పెట్టం.

కేప్ కాడ్ మాష్‌పీ వాంపనోగ్ ఆదివాసుల నేల. అంతా ఇసుక. తాగడానికి భూగర్భ జలమే దిక్కు. ఆ ఇసుక మీదే ఒక పెద్ద సైనిక స్థావరం ఉంది. దశాబ్దాల పాటు అక్కడ ఇంధనాలు, రసాయనాలు నేలపాలయ్యాయి. అవి ఇసుకలోకి ఇంకి, భూగర్భంలో విషపు పాయలై, రోజుకు అడుగో రెండడుగులో నడిచాయి. క్వాష్‌నెట్, కూనమెసెట్ వాగుల వైపు వెళ్లిన పాయల్లో ఈడీబీ ఉంది. సీసం కలిపిన పెట్రోల్‌లో వాడిన రసాయనం అది. తాగునీటిలో లీటరుకు 0.02 మైక్రోగ్రాములు మించకూడదని మసాచుసెట్స్ రాష్ట్రం హద్దు పెట్టిందంటే, అదెంత విషమో చూడండి.

1989లో ఆ స్థావరం దేశంలోని అతి కలుషిత స్థలాల జాబితాకెక్కింది. ఇక శుద్ధి మొదలు. పద్ధతి తేలికే: బావులు తవ్వి నీళ్లు తోడాలి, బొగ్గు ఫిల్టర్‌లో వడగట్టాలి. బాగానే ఉంది. కానీ వాగు ఎక్కడిది? ఆ భూగర్భ జలం ఊటగా పైకి వస్తేనే వాగు. విపరీతంగా తోడితే విషంతో పాటు వాగు కూడా పోతుంది.

ట్రౌట్ చేపకు చల్లటి నీళ్లు కావాలి. ఎండాకాలంలో దాన్ని బతికించేది ఆ ఊటే. గుడ్లు పెట్టేది వాగు అడుగున గులకరాళ్లలో. క్రాన్‌బెర్రీ చిత్తడి నేలల్లో పండే ఎర్రటి పండు, వాంపనోగ్‌ల పాత తిండి. నీటిమట్టం పడిపోతే రెండూ ఉండవు. 1996లో అన్ని పాయలనూ ఒకేసారి తోడెయ్యాలన్న ప్లాన్‌ను నిపుణులు పరిశీలించి, చెరువులకూ వాగులకూ తీవ్ర నష్టమని తేల్చారు. ప్లాన్ ఆగింది.

"విషం కన్నా ఎండిన వాగు నయం కదా?" అనేవాళ్లున్నారు. అది దొంగ ప్రశ్న. ఆ తర్వాత ఏ పాయకు ఆ పాయ లెక్కగట్టి బావులు వేశారు. శుద్ధి చేసిన నీటిని తిరిగి నేలకూ వాగుకూ ఇచ్చారు. అంటే దారి ముందు నుంచీ ఉంది. కావాల్సింది అడిగే గొంతు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. వాగులకు అడ్డుకట్టలు వేసి క్రాన్‌బెర్రీని వ్యాపార పంట చేసింది బయటి నుంచి వచ్చినవాళ్లు. ఆ కట్టలు చేపల దారి మూసేశాయి. కాబట్టి "పంటను కాపాడదాం" అన్నప్పుడు ఎవరి పంట, ఎవరి వాగు అని కూడా అడగాలి. అడిగే హక్కు అందరికన్నా ముందు ఎవరిది? వాంపనోగ్‌లది. కానీ మాష్‌పీ వాంపనోగ్‌లను అమెరికా ప్రభుత్వం తెగగా గుర్తించింది 2007లో! జాబితాకెక్కిన 18 ఏళ్ల తర్వాత. గుర్తింపు లేని జనం మాటకు ఎంత బరువుంటుందో మనకు వేరే చెప్పాలా?

అక్కడ ఆ ప్లాన్ ఆగిన 1996లోనే ఇక్కడ పెసా చట్టం వచ్చింది. మరుసటి ఏడాది సమత తీర్పు. కాగితం మీద గ్రామసభ మనది. మరి ఊట ఎండితే లెక్క ఎవరు రాస్తున్నారు?

అందుకే రేపు మన కొండల దగ్గరికి "శుద్ధి", "పునరుద్ధరణ" అంటూ ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు వేద్దాం. ఎంత నీరు తోడతారు? ఎంత తిరిగి ఇస్తారు? వాగు తగ్గితే మోటారు ఆపే అధికారం ఎవరిది? మూడో జవాబు "గ్రామసభది" కాకపోతే సంతకం పెట్టొద్దు.

విషం తీయడం వాళ్లు మనకు చేసే దయ కాదు, తీర్చాల్సిన బాకీ. బాకీ తీర్చేవాడు మన ఇల్లు కూల్చి తీరుస్తానంటే ఒప్పుకుంటామా?

జల్, జంగిల్, జమీన్ మనవే. ఊట కూడా మనదే.