పళ్లెం అడుగు

అంగట్లో పళ్లెం కొనే ఇల్లాలిని ఎప్పుడైనా గమనించారా? చేతిలోకి తీసుకోగానే చటుక్కున వెనక్కి తిప్పి చూస్తుంది. లోపలి నునుపు అందరికీ కనిపించేదే గదా! ఇత్తడి, స్టీలు మాట ఎలా వున్నా, కొయ్యపళ్లేనికి మాత్రం ఆ అడుగు తీర్చడం పెద్ద చిక్కే.

చిక్కేమిటంటారా? చెక్కను తరిమెన పట్టాలంటే (లేతు అంటేగాని ఇవాళ తెలియదు లెండి, తరిమెన నిఘంటువుల్లో తల దాచుకుంది) ఎక్కడో అక్కడ బిగించాలి. ముందు వెనకవైపు ఇనుపబిళ్లకు మరమేకులతో బిగించి లోపలివైపు తొలుస్తారు. అది తయారయ్యాక వెనక మేకుల గుంతలు మిగులుతాయి. వాటిని చెక్కెయ్యాలంటే పళ్లేన్ని బోర్లించాలి. బోర్లిస్తే పట్టుకునే చోటేదీ?

మహబూబాబాదులో మా అత్తవారి పాతయిల్లు విప్పినప్పుడు ఒక టేకు దూలం ముక్క మా ఆవిడ వాటాకు వచ్చింది. అందులో మంచి పలక ఒక్కటే తేలింది. తల్లి గుర్తుగా దానితో అక్షింతల పళ్లెం చేయించాలని ఆమె పట్టుదల. జనగామలో ఒక ముసలి వడ్రంగి దగ్గరకు తీసుకుపోయాం. లోపలివైపు అద్దంలా తేల్చాడు. చాలు, ఇచ్చెయ్యమన్నాను.

"జర ఆగుండ్రి సారూ, అడుగు ఇంకా కాలే" అన్నాడు.

"మళ్లీ మేకులు కొడతావా తాతా?" అంది మా ఆవిడ భయంగా.

"మొకం మీద మేకు కొడ్తరా అమ్మా?"

ఒక పనికిరాని చెక్కబిళ్లను లేతుకు బిగించి, పళ్లెం అంచు పట్టేటంత గాడి తీశాడు. వెంట్రుకవాసి గీకడం, పళ్లెం పెట్టి చూడడం, మళ్లీ గీకడం. వదులైతే పళ్లెం ఎగిరిపోతుంది. మరీ బిగువైతే అంచు పగులుతుంది. పది అంగుళాల పళ్లెం నిమిషానికి 800 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు పది మీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. రెండో పలక లేదు మరి! మా ఆవిడ వీధి వైపు చూస్తూ నిలుచుంది.

పళ్లేన్ని బోర్లించి గాడిలో నొక్కి, అడుగు నడిమధ్య ఒక చెక్కముక్క అడ్డుపెట్టి, దాని మీద లేతు ఎదుటి మొనను ఆనించాడు. గుంతలు పోయేదాకా చెక్కి, మధ్యను కాస్త లోపలికి పల్లంగా తీశాడు. అలా తీస్తే పళ్లెం చుట్టంచు మీద కూర్చుంటుంది, ఊగదు. మొన ఆనినచోట మిగిలిన చిన్న బొడిపెను చివర్లో చేతి ఉలితో తీసేశాడు.

జనగామ పక్కనే వున్న పెంబర్తిలో ఇత్తడి రేకు పనివారికీ ఇటువంటి ఇరకాటమే. రేకు మీద సుత్తి ఆడాలి, రేకు కదలకూడదు. వారు దాన్ని లక్కపరుపు మీద అంటించి కొడతారు. పని కాగానే వేడి చూపించి ఊడదీస్తారు. ఆ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విదేశాల్లో కొందరు లేతు మీద గాలి పీల్చే యంత్రంతోనే పళ్లేన్ని పట్టి వుంచుతారు. సౌకర్యమే, కాని చెక్కలో సన్నని బీట వున్నా గాలి చొరబడి పట్టు సడలుతుంది.

మా పళ్లేనికని గాడి తీసిన ఆ బిళ్ల మరో పళ్లేనికి అమరదట. ఏం చేస్తావని అడిగాను. చిన్న పళ్లెం వచ్చినప్పుడు లోపలిగా ఇంకో గాడి తీస్తాడట. తీయగా తీయగా మిగిలిన ముక్క పొయ్యిలోకి.