జబ్బు బయటపడకముందే పట్టుకునే కొలువు

ఉద్యోగం రావాలని వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు తిరిగే కుర్రకారులో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లూ ఉంటారు. 'మన చదువుకు హైదరాబాద్ వెళ్తే తప్ప పని దొరకదు' అన్నదే వాళ్ల దిగులు. మీరూ అలాగే అనుకుంటున్నారా? అయితే ఒకసారి కోనసీమ తీరం వైపు చూడండి.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో రొయ్యల సాగు ఉంది. 1994-95లో మన రొయ్య రైతుల్ని ముంచిన తెల్లమచ్చ వైరస్‌కు ఇప్పటికీ మందు లేదు. చెరువులో విజృంభిస్తే పది రోజుల్లోనే పంటంతా పోవచ్చు. అందుకే సీడు వదలకముందే పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. చురుగ్గా ఈదే పిల్లలో దాగిన వైరస్ డీఎన్ఏ ముక్కను ఈ పరీక్ష రెట్టింపు చేస్తూ పోతుంది. 30 విడతలు తిరిగేసరికి ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. ఇక అది దాక్కోలేదు.

మనుషుల జబ్బులకూ సూత్రం ఇదే. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తూ, కళ్లెలోని క్షయ క్రిమిని గంట అటూఇటూగా పట్టేస్తుంది. 2020లో దీనికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది.

అయితే ఒక్క మాట. యంత్రం వైరస్‌ను రెట్టింపు చేసినట్టే మీ అజాగ్రత్తనూ రెట్టింపు చేస్తుంది. పిపెట్ కొనకు అంటిన పాత శాంపిల్ చుక్క చాలు, మంచి సీడు కూడా పారబోయాల్సి వస్తుంది. ఉన్న వైరస్‌ను లేదని రాస్తే రైతు అప్పులపాలవుతాడు. లక్షల పిల్లల్లో మనం పరీక్షించేది కొన్నింటినే. కాబట్టి 'నెగెటివ్' అంటే 'చూసినవాటిలో దొరకలేదు' అనే అర్థం. ఆ సంగతి రైతుకు విడమర్చి చెప్పడమూ మీ పనే.

ఫైనలియర్ ప్రాజెక్టును నెట్‌లోంచి దించేయకండి. దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌ను అడిగి నెల రోజులు పని నేర్చుకోండి. ప్రతి విడతలో నెగెటివ్ కంట్రోల్ ఎందుకు పెడతారో, అది పాజిటివ్ వస్తే ఏం చేయాలో తెలుసుకోండి. మనుషుల శాంపిళ్లు చూసే ల్యాబుల్లో ఎంఎల్‌టీ అర్హత అడుగుతారు, అదీ చూసుకోండి. చెన్నైలోని సీబా, హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ వెబ్‌సైట్లలో వచ్చే ప్రకటనల మీద కన్నేసి ఉంచండి.

ఇంటర్వ్యూలో పీసీఆర్ నిర్వచనం అందరూ అప్పజెబుతారు. కంట్రోల్ తప్పినప్పుడు రిపోర్టు ఆపి, మళ్లీ మొదటినుంచీ చేస్తానని చెప్పగలిగినవాళ్లనే ల్యాబు నమ్ముతుంది, రైతూ నమ్ముతాడు.